అటక మీద దొరికిన తుపాకీకి నంబరు లేదు, ఉంచుకోవచ్చా?

తమ్మీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివిన. ఖానాపురం మండలంలో మీ తాత కట్టించిన పెంకుటిల్లు విప్పుతుంటే అటక మీద గోనెసంచిలో చుట్టిన జోడు గొట్టాల తుపాకీ దొరికింది. నంబరు ఎక్కడా కనిపిస్తలేదు. తాత గుర్తుగా కొత్తింట్లో గోడకు పెట్టుకోవాలని నీ కోరిక. పాతది కాబట్టి లైసెన్సు అక్కర్లేదా, అక్కరుంటే నంబరు లేనిదానికి ఇస్తరా, లేకుంటే లేత్ షాపులో ఏదో ఒక నంబరు కొట్టిస్తే అయిపోతదా అని అడిగినవ్. డాలస్‌లో ఉన్న మీ బావ తీసుకపోత అంటున్నడని కూడా రాసినవ్.

నేను వకీలును కాను. పోలీసు ఆర్ముడ్ రిజర్వులో ఆర్మరర్‌గా ముప్పై ఏండ్లు తుపాకులు విప్పి, తుడిచి, బిగించి రిటైరై హనుమకొండలో కూసున్న మనిషిని. ఎలక్షన్లప్పుడు జమ చేసిన లైసెన్సు తుపాకులు, అడవిలో పట్టుబడ్డ నాటు తుపాకులు, గడీల నుంచి వచ్చిన వెండి నగిషీ తుపాకులు అన్నీ నా బల్ల మీదికి వచ్చినయ్. సెక్షన్లు కూడా లేబుళ్ల మీద రాసీ రాసీ నోటికొచ్చినయే. నేను చెప్పింది విని, సంతకం పెట్టే ముందు మాత్రం వకీలును కలువు.

అన్నిటికన్నా ముందు ఆ తుపాకీని ముట్టకు. నీ ఫొటోలో గొట్టాల వెనక రెండు గుర్రాలు (ట్రిగ్గరు నొక్కితే పడే సుత్తుల లాంటివి), వాటి కింద చిన్న చనుమొనల లాంటి ఇనుప ముక్కలు కనిపిస్తున్నయ్. అంటే అది మూతి నుంచి మందు కూరి, ఆ చనుమొన మీద చిన్న పేలుడు టోపీ పెట్టి కాల్చే టోపీ తుపాకీ. తూటా తుపాకీ అయితే మడిచి చూస్తే లోపల ఏముందో తెలుస్తది. దీంట్లో తెల్వది. పాతకాలంలో రాత్రి పందుల కోసం మందు, గుండ్లు కూరి, జంతువు రాకపోతే అట్లనే మూలకు పెట్టేది. తేమ తగలకుంటే నల్లమందు ఎన్నేండ్లయినా బతికే ఉంటది. ఒకసారి ఒకాయన తాత తుపాకీని షోకుకు పెట్టుకుందామని వెల్డింగ్ షాపుకు తీసుకపోయి, "గొట్టం మూసెయ్యి" అన్నడట. వెల్డరు తెలివిగలవాడు కాబట్టి చెయ్యనన్నడు. అది మా దగ్గరికి వచ్చినంక ఇనుప చువ్వ గొట్టంలోకి దింపి చూసిన. బయట కొలిచిన పొడుగుకు, చువ్వ దిగిన పొడుగుకు జానెడు తేడా. లోపల మందు, పాతగుడ్డ, సీసపు గుండ్లు, మళ్ల గుడ్డ. వెల్డింగ్ మంట తగిలుంటే వాళ్లిద్దరి సంగతి ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు. ఈ చువ్వ పరీక్ష నువ్వు చెయ్యమని చెప్తలేను. గొట్టం మూతి మనుషుల దిక్కు, పొయ్యి దిక్కు లేకుండా ఆ గదికి తాళం వెయ్యి. అంతే.

రెండో సంగతి, దొరికి నాలుగు రోజులైందన్నవ్. చట్టంలో "కలిగి ఉండటం" అంటే తెలిసి కలిగి ఉండటం అని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. అటక మీద ఉన్నదని తెల్వనంత కాలం నీ మీద బరువు లేదు. గోనెసంచి విప్పి ఫొటో తీసిన రోజు నుంచి ఉంది. చుట్టాల గ్రూపులో పెట్టినవ్ కూడా. కాబట్టి "నెమ్మదిగా చూద్దాం, దసరా అయినంక" అనే ముచ్చట వద్దు.

ఇగ నంబరు సంగతి. అందరూ "నంబరు లేదు" అని ఒక్క మాటే అంటరు గానీ అందులో రెండు వేరే వేరే కథలుంటయ్. ఒకటి, పుట్టినప్పుడే నంబరు లేనిది. ఇంకోటి, ఉన్న నంబరును ఎవరో అరగదీసింది. టోపీ తుపాకులు చానావరకు మొదటి రకం. మన దగ్గర కమ్మరి కొట్టినవాటికి అసలే ఉండదు. విదేశీవి అయితే నంబరు లేకున్నా ముద్రలుంటయ్. బెల్జియం లియేజ్‌లో పరీక్షించినవాటికి గుడ్డు ఆకారంలో ఈ.ఎల్.జి. అనే అక్షరాలు, కింద నక్షత్రం. బర్మింగ్‌హామ్‌వాటికి కిరీటం, దాని కింద అడ్డంగా దండాలు. గొట్టం అడుగున "14" అనో "12" అనో ఉంటే అది తుపాకీ నంబరు అనుకునేరు, అది గొట్టం సైజు. ఒక పాత ఫైల్లో దాన్నే నంబరుగా రాసిండ్రు. ఇరవై ఏండ్లు ఎవరూ పట్టించుకోలేదు, పట్టించుకున్ననాడు ఆ ఇంటాయనకు ఆర్నెల్లు నిద్ర లేదు.

తూటా తుపాకులకైతే నంబరు దొరకదన్న పదింటిలో సగానికి దొరుకుతది. గొట్టాల కింద ఉండే కట్టెను ఊడదీస్తే లోపలి ఇనుము మీద, గొట్టాలు కలిసే చదును మీద, ట్రిగ్గరు చుట్టూ ఉన్న కమ్మీ తోక మీద కొట్టి ఉంటది. పైన యాభై ఏండ్ల నూనె, తుప్పు గట్టిపడి నల్లగా మూసుకపోతది. గీకితే మాత్రం పాడైతది. కిరసనాయిలు గుడ్డతో మెల్లగా తుడుస్తం మేము. మళ్ల చెప్తున్న, మేము. నువ్వు కాదు.

అరగదీసింది కూడా పూర్తిగా పోదు. అచ్చు కొట్టినప్పుడు దెబ్బకు అంకె కింద ఉన్న ఇనుము లోపలి దాకా నలుగుతది. పైన ఆకురాయి పెట్టి చదును చేసినా ఆ నలిగిన భాగం అట్లనే ఉంటది. ఫోరెన్సిక్ ల్యాబులో ఆ జాగను నున్నగా చేసి రసాయనం అద్దితే నలిగిన ఇనుము, నలగని ఇనుము వేరేగా తింటయ్, అంకె మసకగా పైకి లేస్తది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు గగుర్పొడిచింది. "అరగదీసినం, ఎవడు కనిపెడ్తడు" అనుకునేటోళ్లు ఈ సంగతి తెలుసుకోవాలె.

ఈ తేడా ఎందుకింత చెప్తున్ననంటే, 1959 ఆయుధాల చట్టం 8వ సెక్షన్ వల్ల. దానికి మూడు కాళ్లు. నంబరు, తయారీదారు పేరు, గుర్తు ఏదైనా సరే చెరపొద్దు, మార్చొద్దు, దొంగది కొట్టొద్దు. ఆ గుర్తులు లేని తుపాకీని అమ్మొద్దు, ఇంకొకరి చేతికి మార్చొద్దు. మూడోది అసలు దెబ్బ: గుర్తు లేని తుపాకీ ఎవరి దగ్గర ఉంటే వాళ్లే చెరిపిండ్రని కోర్టు అనుకుంటది, కాదని నువ్వే రుజువు చెయ్యాలె. చట్టం 1962 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. అప్పటికే అట్లాంటి తుపాకులున్నోళ్లకు ఒక్క ఏడాది గడువిచ్చిండ్రు. ఆ గడువు మీ నాయిన బడికి పోయే రోజుల్లోనే అయిపోయి ఉంటది. కాబట్టి "దీనికి పుట్టుకతోనే నంబరు లేదు" అని నిపుణుడు రాసిచ్చే కాయితం నీకు చానా విలువైనది. అది ఆర్మరరో, ఫోరెన్సిక్ బాలిస్టిక్స్ వాళ్లో ఇస్తరు, తుపాకీ చట్టం చెప్పిన దారిన పోతే ఆ కాయితం దానంతట అదే వస్తది.

లేత్ షాపు ఆలోచన మాత్రం మానెయ్. ఇప్పుడు నీ దగ్గర ఉన్నది తాత తుపాకీ. నంబరు కొట్టిన క్షణం నుంచి అది నువ్వు దొంగ గుర్తు పెట్టిన తుపాకీ. మరమ్మతు కూడా అంతే: తుపాకీ రిపేరు చెయ్యాలన్నా, రూపం మార్చాలన్నా లైసెన్సు ఉన్నోడే చెయ్యాలె. పాపం ఆ లేత్ ఆయనను కూడా ఇరికించినట్లైతది. గొట్టం పొట్టిగ కోయిస్తే అది ఇంకో పెద్ద నేరం. 2019 సవరణ తర్వాత ఇట్లాంటివాటికి శిక్షలు బాగా పెంచిండ్రు.

"పాతది కాబట్టి లైసెన్సు వద్దు" అనే మాట ఎక్కడ విన్నవో నాకు తెలుసు. యూట్యూబులో అమెరికా వాళ్ల వీడియోలు. వాళ్ల దేశంలో 1898 దాకా తయారైనవి ప్రాచీన తుపాకులు, వాటికి వేరే లెక్క. నంబరు తప్పనిసరి అన్నది కూడా 1968 చట్టంతోనే వచ్చింది, అంతకుముందువి నంబరు లేకున్నా అక్కడ తప్పు కాదు. అది వాళ్ల ఇల్లు, వాళ్ల పెరడు. ఆ లెక్క మన దగ్గర నడవదు.

మనకున్నది 45వ సెక్షన్‌లో ఒక చిన్న కిటికీ. వాడుక పోయిన రకమో, పురావస్తు విలువ ఉన్నదో, చెడిపోయిందో అయి, "మరమ్మతు చేసినా చెయ్యకున్నా తుపాకీగా పనికిరాని" ఆయుధానికి ఈ చట్టం వర్తించదు. అందరూ పాతది, పురావస్తువు అన్న మాటల కాడ ఆగుతరు. నేను "మరమ్మతు చేసినా" కాడ ఆగుత. మా బల్ల మీదికి వచ్చిన టోపీ తుపాకుల్లో గుర్రం విరిగినవి, చనుమొన తుప్పుపట్టినవి, కట్టె చెదలు తిన్నవి బోలెడు. చూసేటోనికి పాత ఇనుము. కానీ గొట్టం గట్టిగా ఉంటే పనితెలిసిన కమ్మరి ఒక్క పూటలో బాగుచేస్తడు. అట్లాంటిది పనికిరానిదని నేనెప్పుడూ రాయలేదు. గొట్టం పగిలి చీలినా, వెనక మూత కాడ తుప్పు తిని బొక్కపడ్డా, గోడ పల్చబడి రేకైనా అప్పుడు రాసిన. నీ ఫొటోలో కట్టె పోయింది గానీ గొట్టాలు దిట్టంగానే కనిపిస్తున్నయ్. ఫొటో చూసి తీర్పు చెప్పకూడదు గానీ, ఈ కిటికీ మీద ఆశ పెట్టుకుని ఇంట్లో ఉంచుకోకు. అది తేల్చేది నువ్వు కాదు, నేనూ కాదు, రాతపూర్వకంగా ఇచ్చే అధికారి. ఆ కాయితం వచ్చేదాకా అది తుపాకీయే. ఒట్టి గొట్టం విడిగా ఉన్నా, విడిభాగాలు కూడా ఆయుధం కిందికే వస్తయని గుర్తుపెట్టుకో.

ఇప్పుడు అసలు పని చెప్త: తుపాకీని వదిలి కాయితం వెతుకు. నా అనుభవంలో ఇట్లాంటి కేసుల్లో మనిషిని బయటపడేసింది తాత పేరు మీదున్న పాత లైసెన్సే. జోడు గొట్టాలది, కొంచెం ఉన్న ఇంటిది, పాకాల అడవి అంచున ఉన్న ఊరిది అంటే, లైసెన్సు ఉండే అవకాశం బాగానే ఉంది. పంట కాపలాకు టోపీ తుపాకీ లైసెన్సు ఇచ్చుడు చట్టంలోనే రాసి ఉంది.

ఏ కాయితాలంటే, చిన్న పుస్తకం లాంటి లైసెన్సు దొరికితే పండగే. అందులో తుపాకీ రకం ఇంగ్లిష్ పొడి అక్షరాలతో రాస్తరు: ఒక గొట్టం మూతి మందుదైతే ఎస్.బి.ఎమ్.ఎల్., జోడుదైతే డి.బి.ఎమ్.ఎల్. నంబరు జాగలో "లేదు" అని రాసి ఉంటే ఎగిరి గంతెయ్యి. తుపాకీకి పుట్టుకతోనే నంబరు లేదని సర్కారే అప్పుడు ఒప్పుకున్నట్లు. అది దొరకకుంటే, ఎలక్షన్ల ముందు ఠాణాలో తుపాకీ జమ చేసినప్పుడు ఇచ్చిన రసీదులు చూడు. రేకుపెట్టెలో పట్టాపాసుబుక్కుల నడుమ, పన్ను రసీదుల నడుమ మడతపెట్టి ఉంటయ్. రెన్యూవల్ చలాన్లు ఉంటయ్. పోలీస్ యాక్షన్ కంటే ముందువి అయితే ఉర్దూలో ఉంటయ్, సాలు ఫస్లీలో, అంటే నిజాం కాలపు సాలు లెక్కలో ఉంటది. ఫస్లీకి 590 కలిపితే మన సాలు వస్తది, 1350 ఫస్లీ అంటే 1940-41. ఉర్దూ చదివే పెద్దమనిషి వరంగల్‌లో ఇంకా దొరుకుతడు. చదివించి తెలుగులో రాయించుకో.

ఇంట్లో ఏమీ దొరకకుంటే ఠాణాలో పాత లైసెన్సుల రిజిస్టరు, కలెక్టరేట్ ఫైళ్లు ఉన్నయ్. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఫైళ్లు ఎటెటో పోయినయ్. ఒక ఆఫీసోళ్లు ఇంకో ఆఫీసును చూపిస్తరు. నాకు తెలిసిన ఒక కుటుంబాన్ని ఏడాదికి పైనే తిప్పిండ్రు. నోటి మాటతో తిరగకు. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టు, తాత పూర్తి పేరు, తండ్రి పేరు, ఊరు, పాత తాలూకా రాయి. ముప్పై రోజుల్లో జవాబియ్యాలె. "రికార్డు లేదు" అని రాసిచ్చినా దాచుకో, నువ్వు వెతికినవన్నదానికి అదే సాక్ష్యం.

ఈ వెతుకులాట ఒక దిక్కు, తుపాకీని అప్పజెప్పుడు ఇంకో దిక్కు, రెండూ ఒకేసారి నడవాలె. కాయితం దొరికేదాకా తుపాకీ ఇంట్లో ఉంచుత అంటే కుదరదు. 21వ సెక్షన్ ప్రకారం, ఏ కారణంగానైనా ఉంచుకునే హక్కు లేని ఆయుధాన్ని ఆలస్యం చెయ్యకుండా దగ్గరి ఠాణాలో జమ చెయ్యాలె. జమ చేసిన దాన్ని, తర్వాత లైసెన్సు వస్తే తిరిగి తీసుకునే హక్కు కూడా అదే సెక్షన్ ఇస్తది. గడువు దాటినా ఎవరూ తీసుకోకపోతే సర్కారుకు జప్తయితది. అప్పజెప్పుడంటే పోగొట్టుకునుడే అని భయపడేటోళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఎట్ల చెయ్యాలెనంటే, తుపాకీని బైకు మీద చద్దర్లో చుట్టుకుని ఠాణాకు పోకు. దారిలో చెకింగ్‌లో పట్టుబడితే "ఇయ్యడానికే పోతున్న" అన్న మాటను ఎవరు నమ్ముతరు? వకీలుతోని ఒక దరఖాస్తు రాయించు: ఏ తారీఖున, ఏ ఇల్లు విప్పుతుంటే, ఎవరెవరు పనిచేస్తుంటే, ఎక్కడ దొరికిందో. మేస్త్రీ పేరు, కూలీల పేర్లు రాయి. ఎస్‌హెచ్‌ఓకు, అంటే ఠాణా పెద్ద అధికారికి ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకో. ఒక నకలు పోలీస్ కమిషనర్ ఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపు. వాళ్లను ఇంటికే రమ్మను. లోపల మందు ఉండొచ్చని దరఖాస్తులోనే రాయి, ఆర్మరర్‌ను తెచ్చుకుంటరు. పంచనామా రాసేటప్పుడు గొట్టం పొడుగు, ముద్రలు, కట్టె పరిస్థితి రాయించు. "నంబరు లేదు" అని ఒక్క మాట రాస్తే ఊకోకు. "నంబరు ఉన్నట్లు గానీ, చెరిపినట్లు గానీ జాడ లేదు" అని రాయగలిగితే రాయమను. రాయలేమంటే "తుప్పు వల్ల కనిపించలేదు" అనైనా ఉండాలె.

కేసు కట్టరా అని అడుగుతవ్. కట్టొచ్చు, కట్టరని నేను మాటియ్యలేను. కానీ లైసెన్సు లేని తుపాకీ నేరం మీద కోర్టుకు పోవాలంటే 39వ సెక్షన్ ప్రకారం జిల్లా మెజిస్ట్రేట్ ముందస్తు అనుమతి కావాలె. కమిషనరేట్ ఉన్న చోట చట్టం దృష్టిలో ఆ మెజిస్ట్రేట్ పోలీస్ కమిషనరే, మీ నర్సంపేట దిక్కు వరంగల్ కమిషనరేట్ కిందనే ఉంది. నువ్వు తారీఖుతో సహా ముందు చెప్పిన దరఖాస్తు ఆయన బల్ల మీద ఉండుడు వేరు, సోదాలో దొరుకుడు వేరు. ములుగు, భూపాలపల్లి దిక్కు అయితే ఆ పని కలెక్టరుది.

లైసెన్సు దారి చూద్దాం. తాత లైసెన్సు బయటపడితే 2016 ఆయుధాల నియమాల్లో 25వ నియమం వారసులకు దారి ఇస్తది. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే వారసుల పత్రం, మిగతా వారసుల అభ్యంతరం లేదన్న కాయితం కావాలె. మీ మేనత్తలను మర్చిపోకు. తుపాకీ మీద ప్రేమ లేకున్నా సంతకం కాడ అందరికీ పాత కోపాలు యాదికొస్తయ్. నీకు 21 ఏండ్లు నిండాలె, పోలీసు విచారణ, డాక్టరు కాయితం, తుపాకీ పట్టుకునే శిక్షణ సర్టిఫికెట్టు ఉంటయ్. ఇంట్లో ఇంకో లైసెన్సు తుపాకులుంటే లెక్క చూసుకో, 2019 నుంచి ఒక మనిషికి రెండే. వారసత్వంగా వచ్చింది కూడా ఆ రెండిట్లోకే వస్తది.

మీ ఊరి విషయంలో ఒక అదనపు ముడి ఉంది. పాకాల అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపల కొత్త లైసెన్సు ఇయ్యాలంటే వన్యప్రాణి చట్టం కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందస్తు సమ్మతి ఉండాలె. దాంతోని ఫైలు అటవీ శాఖ దిక్కు కూడా తిరుగుతది. కొత్తింటి అడ్రసు నర్సంపేట పట్నందైతే ఆ దూరం ముందే కొలిపించుకో.

గోడకు పెట్టుకునే కోరికనే ఉంటే, కాల్చే ఉద్దేశం లేదని, చారిత్రక వస్తువుగా ఉంచుకుంటనని దరఖాస్తులో స్పష్టంగా రాయి. చారిత్రక ఆయుధాలకు నియమాల్లో వేరే వర్గమే ఉంది. గుర్తింపు లేని తుపాకీకి ఏ గుర్తు ఎట్ల వెయ్యాలెనో కూడా లైసెన్సు అధికారినే రాతపూర్వకంగా అడుగు. ఒప్పుకున్న ఆఫీసర్లనూ చూసిన, ఫైలు ముట్టని ఆఫీసర్లనూ చూసిన.

మీ బావ సంగతి ఒక్క మాటలో తేలిపోతది. వందేండ్లు దాటిన వస్తువైతే 1972 పురావస్తువుల చట్టం దేశం దాటనియ్యదు. వందేండ్లు కాకపోతే ఆయుధాల చట్టం దాటనియ్యదు. సూట్‌కేసు శంషాబాద్ ఎక్స్‌రేలోనే ఆగుతది. ఇక్కడ ఇంకో చుట్టానికి ఇయ్యాలన్నా 8వ సెక్షన్ అడ్డం.

ఏ దారీ కుదరకుంటే, జమ అయిన దాన్ని మ్యూజియంకు తీసుకోమని హెరిటేజ్ తెలంగాణ శాఖకు రాయొచ్చు, మీ తాత పేరు, ఊరు చీటీ మీద ఉండాలని అడుగుతూ. గడీల నుంచి వచ్చిన ఒక తుపాకీకి ఒకాయన ఇట్లనే రాయించిండు. నీది నగిషీ లేనిదైతే వాళ్లకు ఆసక్తి ఉండకపోవచ్చు.

ఈ రాత్రికి చెయ్యాల్సింది: రేకుపెట్టె దించు, మీ నాయినమ్మ ఉంటే పక్కన కూసోబెట్టుకో. తుపాకీ ఎవరిచ్చిండ్రు, ఎక్కడ కొన్నరు, ఎలక్షన్లప్పుడు ఎవరు ఠాణాకు తీసుకపోయేది అని అడుగు. ఆమె చెప్పింది తారీఖేసి రాసుకో. పంచనామా అయినంక ఆ ముద్రల ఫొటోలు, అవీ పోలీసోళ్లు తీసినవే, పెడితే అది ఏ ఊరి తుపాకీయో చెప్పే ప్రయత్నం చేస్త.